‘దక్షిణాదిన ఇదొక్కటే’: అరుదైన పాత పికప్ అన్న మాటను ఎలా తూకం వేయాలి?

సంక్షిప్తంగా: ఒక పాత పికప్ ‘అరుదైనది’ అన్నప్పుడు ఆ ఒక్క మాటలో నాలుగు వాదనలు దాగి ఉంటాయి. బండి చెప్పిన మోడలే అని, ఆ మోడల్ తక్కువగా తయారైందని, వాటిలో కొన్నే మిగిలాయని, ఎదుట ఉన్నది ఫ్యాక్టరీ రూపంలోనే ఉందని. వీటిలో ఏది వీగిపోయినా ధర మారుతుంది, రిజిస్ట్రేషన్ హోదా కూడా మారవచ్చు. ఓడరేవు, నౌకాదళం, షిప్‌యార్డు ఉన్న విశాఖపట్నంలో ఇలాంటి బండ్ల కథలు సులువుగా నమ్మకం కలిగిస్తాయి. కథ నగర చరిత్రకు సరిపోవడం వేరు, ఆ కథ ఎదుట ఉన్న బండిదే కావడం వేరు.

పాత బండ్ల అమ్మకాల్లో తరచూ వినిపించే మాటలను ఒకచోట చేర్చి ఒక నమూనా ప్రకటన రాస్తే అది సుమారుగా ఇలా ఉంటుంది: “1951 డాడ్జ్ పవర్ వ్యాగన్ పికప్. మిలిటరీ బండి. విశాఖ ఓడరేవులో దిగింది. దక్షిణాదిన ఇదొక్కటే. పూర్తిగా ఒరిజినల్. పాత కాగితాలు హుద్‌హుద్‌లో పోయాయి.” ఆరు వాక్యాలు. చదివితే ఒకే కథలా సాగుతాయి గానీ, ఒక్కో వాక్యానికి కావలసిన సాక్ష్యం వేరు.

ఇలా చెప్పేవారందరూ మోసగాళ్లు కారు. తాతగారు చెప్పిందే తండ్రి, తండ్రి చెప్పిందే కొడుకు చెబుతూ వస్తారు. తరం మారేకొద్దీ బండి వయసు రెండు మూడేళ్లు పెరుగుతుంది, ఒక విశేషణం అదనంగా చేరుతుంది. ఇంట్లో చెప్పుకున్నంత కాలం దానివల్ల ఎవరికీ నష్టం లేదు. బండి చేతులు మారే రోజున ఆ జ్ఞాపకానికి ధర కట్టవలసి వస్తుంది. అక్కడే పరీక్ష అవసరమవుతుంది.

## తయారైనవి, మిగిలినవి, కోరుకునేవి

కారును కుటుంబాలు కాపాడుకున్నాయి. పికప్‌ను పనికి వాడుకున్నాయి. సిమెంటు బస్తాలు, చేపల బుట్టలు, కలప, ఇనుప చువ్వలు మోసి, తొట్టి అడుగు చిల్లులు పడి, ఇంజన్ మూలపడ్డాక పికప్ నేరుగా పాత ఇనుము కొట్టుకు చేరేది. అందుకే లక్షల్లో తయారైన పికప్‌లు కూడా ఈనాడు కొద్దిగానే కనిపిస్తాయి. ఇది మిగలకపోవడం వల్ల వచ్చిన అరుదుతనం.

తక్కువగా తయారు కావడం వేరే సంగతి. అమెరికాలో షెవర్లే 1955 నుంచి 1958 వరకు తయారు చేసిన కేమియో క్యారియర్ దీనికి మంచి ఉదాహరణ. పనికంటే అందానికి ప్రాధాన్యమిచ్చి, తొట్టి పక్కలకు ఫైబర్‌గ్లాస్ పలకలు అమర్చిన ఆ పికప్‌లు నాలుగేళ్లలో మొత్తం పదివేలకు కాస్త పైగా మాత్రమే వచ్చాయి. అయితే మొదటి నుంచీ ప్రత్యేకమైనదిగా చూసిన బండి కావడంతో దాన్ని దాచుకున్నవారూ ఎక్కువే. తయారైన సంఖ్య, మిగిలిన సంఖ్య ఒకదాని వెంట ఒకటి నడవవని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మూడోది, కోరుకునేవారి సంఖ్య. 1980ల మధ్యలో జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ తేలికపాటి ట్రక్కులు ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ రోడ్లన్నిటా తిరిగాయి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ 20 బండ్లూ అంతే. చక్కగా నడిచే ఆల్విన్ నిస్సాన్ ఒకటి ఈరోజు వెతికి పట్టుకోవడం కష్టం. అయినా ‘అరుదైన ఆల్విన్ నిస్సాన్’ అని గొప్పగా చెప్పుకునేవారు కనిపించరు. అరుదుతనం అన్న మాట వాస్తవానికి దొరకకపోవడాన్ని చెప్పడం కంటే, విదేశీ పేరు పట్ల ఉన్న మోజును ఎక్కువగా చెబుతోంది. అమెరికా బ్యాడ్జి ఉన్న బండిని సంగ్రహాలయపు వస్తువులా చూడటం, తెలుగు నేల మీద తయారైన బండిని తుక్కుగా చూడటం సమంజసం కాదు.

## అంకెలతో ‘ఒక్కటే’ అనిపించడం

‘ఇలాంటిది ఒక్కటే’ అన్న మాట లెక్కప్రకారం నిజమై కూడా అర్థం లేనిది కావచ్చు. ఒక కంపెనీ పదివేల పికప్‌లు తయారు చేసిందనుకుందాం. పది రంగులు, నాలుగు ఇంజన్-గేరు జతలు, ఐదు రకాల తొట్లు, ఐదు రకాల సీట్లు ఉంటే మొత్తం 1,000 కలయికలు వస్తాయి. సగటున ఒక్కో కలయికకు పది బండ్లు. రేడియో ఉందా లేదా, వెనక అద్దం పెద్దదా చిన్నదా అన్న రెండు ప్రశ్నలు కలిపితే కలయికలు 4,000 అవుతాయి, సగటు రెండున్నరకు పడిపోతుంది. ఇంకొన్ని వివరాలు జోడించుకుంటూ పోతే ప్రతి బండీ ప్రపంచంలో ఒక్కటే అయి కూర్చుంటుంది. అందువల్ల ‘ఒక్కటే’ అని విన్నప్పుడు ‘ఏ లెక్కలో ఒక్కటే?’ అని అడగాలి. కొనేవారు నిజంగా పట్టించుకునే తేడాలో ఒక్కటైతే దానికి విలువ ఉంది. సీటు రంగులో ఒక్కటైతే లేదు.

ఇక బ్యాడ్జి విషయం. కెనడాలో ఫోర్డ్ కంపెనీ 1946 నుంచి 1968 వరకు అవే పికప్‌లను మెర్క్యురీ పేరుతోనూ అమ్మింది. చిన్న ఊళ్లలో ఏదో ఒక డీలరే ఉండేవాడు కాబట్టి మెర్క్యురీ డీలరు దగ్గరా ట్రక్కు ఉండాలన్నది ఉద్దేశం. క్రైస్లర్ సంస్థ డాడ్జ్ ట్రక్కులకే ఫార్గో, డిసోటో పేర్లు పెట్టింది. భారతదేశంలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయిలోని కుర్లాలో కూర్చిన ట్రక్కులదీ ఇదే కథ. ముక్కు మీద పేరు మారుతుంది, లోపలి ఇనుము మారదు. ఫార్గో డాడ్జ్ కంటే తక్కువగా కనిపిస్తుందన్నది నిజమే. అది వేరే జాతి బండి అనడం మాత్రం నిజం కాదు. పైగా ముక్కు మీది పేరు నాలుగు బోల్టులతో మార్చగలిగేదని మరవకూడదు.

‘దక్షిణాదిన ఇదొక్కటే’ అన్నదాన్ని రుజువు చేయడానికి దక్షిణాదిలోని షెడ్లన్నీ తెరిచి చూసి ఉండాలి. అంత పని ఎవరూ చేయరు. ఆ వాక్యానికి నిజమైన అర్థం ‘మాకు తెలిసినవారి దగ్గర మరొకటి లేదు’ అని. ధర కట్టేటప్పుడు ఆ అర్థంలోనే తీసుకోవాలి.

## డాడ్జా, జబల్‌పూర్ నిస్సానా?

నమూనా ప్రకటనలో అన్నిటికంటే బరువైన మాట ‘డాడ్జ్ పవర్ వ్యాగన్’. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన డాడ్జ్ బండ్ల నుంచి పుట్టి, 1946లో పౌర మార్కెట్‌లోకి వచ్చిన నాలుగు చక్రాల డ్రైవ్ పికప్ అది. అమెరికాలో 1968 వరకు అమ్మారు. సేకర్తల్లో దానికి మంచి గిరాకీ ఉంది.

భారతదేశంలో ఈ పేరు విన్నప్పుడు ఒక ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. 1960ల నుంచి జబల్‌పూర్‌లోని రక్షణ శాఖ ఫ్యాక్టరీల్లో నిస్సాన్ లైసెన్సుతో ఒక టన్ను సైనిక ట్రక్కు తయారైంది. సైన్యంలో దాన్ని ‘నిస్సాన్ వన్ టన్’ అని పిలిచేవారు. జీపు లాంటి సైనిక బండి జోంగా దాని తోబుట్టువే. ఈ నిస్సాన్ క్యారియర్‌ను డాడ్జ్ సైనిక బండ్ల నమూనాను అనుసరించి రూపొందించారు. ముందు నుంచి చూస్తే నిలువు పట్టీల గ్రిల్లు, పక్కలకు బల్లపరుపు మడ్‌గార్డులు, వాటి మీద గుండ్రని దీపాలు. తెలియని కంటికి అది డాడ్జే. సైన్యం వేలంలో అమ్మేసిన ఈ బండ్లు దేశమంతటా పౌరుల చేతికి వచ్చాయి. వాటి కాన్వాస్ టాపు తీసేసి స్థానిక బాడీ షెడ్లలో రేకు క్యాబిన్లు కట్టించారు. అలా కట్టిన బండికి నలభై ఏళ్ల తర్వాత ఒక అమెరికా పేరు అంటుకోవడంలో ఆశ్చర్యం లేదు.

రెండింటినీ వేరు చేయడం కష్టమేమీ కాదు. బానెట్ ఎత్తితే చాలు. పవర్ వ్యాగన్‌ది ‘ఫ్లాట్‌హెడ్’ ఇంజన్. అందులో వాల్వులు సిలిండర్ల పక్కన, బ్లాకులోనే ఉంటాయి. కాబట్టి ఇంజన్ పైభాగం బల్లపరుపు ఇనుప పలకలా ఉండి, స్పార్క్ ప్లగ్గులు ఆ పలక మీద పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. నిస్సాన్ ఇంజన్‌లో వాల్వులు సిలిండర్ల పైన ఉంటాయి. వాటిని నడిపే రాకర్లను కప్పడానికి పొడవాటి రేకు మూత ఉంటుంది, ప్లగ్గులు పక్కగా బిగించి ఉంటాయి. రెండూ ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్లే. 1951 డాడ్జ్‌ది సుమారు 3.8 లీటర్లు, నిస్సాన్‌ది 3,956 సీసీ. అంటే రిజిస్ట్రేషన్ పుస్తకంలోని సిలిండర్ల సంఖ్య చూసి తేల్చుకోవాలనుకుంటే పొరపడతారు. మూత ఉందా, లేదా అన్నది చూస్తే పొరపాటుకు తావు లేదు.

రెండో పరీక్ష టేపుతో. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు పవర్ వ్యాగన్ 126 అంగుళాలు, అంటే 3.2 మీటర్లు. నిస్సాన్ అంతకంటే స్పష్టంగా పొట్టిది. చాసిస్‌ను నరికి పొడిగించి ఉంటే తప్ప ఈ కొలత మారదు. పొడిగించి ఉంటే వెల్డింగు గుర్తులు దాగవు.

మూడోది పానా పరీక్ష. అమెరికా బండిలో నట్లు, బోల్టులు అంగుళాల కొలతలవి. జపాన్ డిజైన్ మిల్లీమీటర్లది. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు కాబట్టి 13 నంబరు పానా దాని మీద కాస్త వదులుగానైనా కూర్చుంటుంది. 9/16 అంగుళం అంటే 14.3 మిల్లీమీటర్లు, దాని మీద 14 నంబరు పానా ఎక్కదు. ఒకటి రెండు బోల్టులు కాలక్రమంలో మారి ఉండవచ్చు. అందుకే ఎవరూ తరచూ విప్పని చోట, స్ప్రింగు బ్రాకెట్ల దగ్గర, యాక్సిల్ కేసింగు దగ్గర చూడాలి. గాజువాక ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన మెకానిక్కు ఈ తేడా చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు, పానా పట్టగానే తెలిసిపోతుంది. ఖరీదైన నిపుణుడి కంటే ముందు అటువంటి మెకానిక్‌కు బండి చూపించడం తెలివైన పని.

అయితే ఇంజన్ ఒక్కటే చూసి తీర్పు చెప్పడమూ తొందరపాటే అవుతుంది. పెట్రోలు ఖర్చు భరించలేక పాత అమెరికా బండ్లలో డీజిల్ ఇంజన్లు వేయించుకోవడం దక్షిణాదిలో మామూలు. మద్రాసులో సింప్సన్ తయారు చేసిన పెర్కిన్స్ ఇంజన్లు ఇందుకు బాగా వాడారు. కాబట్టి డీజిల్ ఇంజన్ ఉన్నంత మాత్రాన అది డాడ్జ్ కాకుండా పోదు. ‘పూర్తిగా ఒరిజినల్’ అన్న మాట మాత్రం అక్కడితో పోతుంది.

జీపుల్లోనూ ఇదే రకం గందరగోళం ఉంది. బానెట్ ఎత్తుగా ఉన్న జీపును ‘ప్రపంచ యుద్ధపు జీపు’ అని చూపుతారు. ఎత్తైన బానెట్ 1953లో వచ్చిన సీజే3బీ అనే జీపు మోడల్ లక్షణం. ఎత్తుగా ఉండే హరికేన్ ఇంజన్ పట్టడానికి దాన్ని అలా పెంచారు. అది యుద్ధం ముగిసిన ఎనిమిదేళ్లకు వచ్చిన మాట.

## చరిత్రకు అతికే కథ

‘విశాఖ ఓడరేవులో దిగింది’ అన్న వాక్యాన్ని కాలంతో సరిచూడవచ్చు. విశాఖ ఓడరేవు సముద్ర నౌకలకు తెరుచుకున్నది 1933లో. ‘1929 షెవర్లే, ఇక్కడి రేవులో దిగింది’ అంటే వెంటనే అనుమానించాలి. జనరల్ మోటార్స్ 1928 నుంచే బొంబాయిలోని సేవ్రీలో బండ్లు కూర్చేది. ఫోర్డ్ 1926 నుంచి భారతదేశంలో ఉంది. ఆ కాలపు బండి ఈ ప్రాంతానికి రైలు మీదో రోడ్డు మీదో వచ్చి ఉండటమే ఎక్కువ సంభావ్యం. సొంత విడిభాగాల తయారీ ప్రణాళిక లేని కంపెనీలకు చోటు లేదని 1953లో ప్రభుత్వం తేల్చడంతో ఈ రెండు కంపెనీలూ వెళ్లిపోయాయి. కాబట్టి ఆ తర్వాతి సంవత్సరాల షెవర్లే, ఫోర్డ్ పికప్‌లు ఇక్కడ కనిపిస్తే అవి ఎలా వచ్చాయన్నదానికి ప్రత్యేకమైన జవాబు ఉండాలి: రాయబార కార్యాలయమా, విదేశీ ప్రాజెక్టా, సైన్యమా, ఇటీవలి దిగుమతా?

అబద్ధమని వెంటనే తెలిసిపోయే కథ ప్రమాదకరం కాదు. సరిగ్గా అతికే కథతోనే చిక్కు. విశాఖలో అలాంటిది ఒకటి ఊహించడం చాలా సులువు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ తరఫున వాల్‌చంద్ హీరాచంద్ తలపెట్టిన ఇక్కడి షిప్‌యార్డుకు 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948లో అక్కడి నుంచి జలఉష నౌక నీళ్లలోకి దిగింది. అదే వాల్‌చంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. 1947 నుంచి ఆ కంపెనీ డాడ్జ్, ఫార్గో బండ్లు కూర్చింది. షిప్‌యార్డు 1952లో హిందూస్థాన్ షిప్‌యార్డుగా మారింది. ఇప్పుడు ఎవరైనా ‘ఈ ఫార్గో వాల్‌చంద్ తన షిప్‌యార్డు కోసం బొంబాయి నుంచి పంపించింది’ అంటే తేదీలన్నీ కలుస్తాయి. యజమాని ఒకరే, కాలం ఒకటే, అవసరమూ ఉంది. విన్నవారికి ఒళ్లు గగుర్పొడుస్తుంది.

కానీ ఇందులో బండి గురించి తెలిసింది ఏమీ లేదు. షిప్‌యార్డు దగ్గర ఫార్గో ఉండే అవకాశం ఉందని మాత్రమే తేలింది. ఈ ఫార్గో ఆ ఫార్గోనే అనడానికి పాత ఆస్తుల జాబితాలో చాసిస్ నంబరో, వేలం వేసినప్పుడు ఇచ్చిన రసీదో, తలుపు మీది పాత రంగు పొరల కింద సంస్థ పేరో కావాలి. చరిత్ర బాగా తెలిసినవాడే ఇలాంటి కథకు త్వరగా లోబడతాడు. తనకు తెలిసిన తేదీలు కథలో కనిపించగానే మిగతాదీ నిజమే అనుకుంటాడు.

బీచ్ రోడ్డు మీది ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అది 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న విరమించింది, 2002 నుంచి ప్రదర్శనశాల. మధ్యలో ఎవరి దగ్గర ఉందన్న సందేహం ఒక్కరోజుకైనా లేదు. పికప్‌కు ఇంత రికార్డు దొరుకుతుందని ఆశించలేం. కానీ గొలుసులో ఎన్ని లంకెలు లేవో తెలుసుకోవడం సాధ్యమే.

‘మిలిటరీ బండి’ అన్నదానికీ ఒక ఆనవాలు ఉంటుంది. సైనిక వాహనాల నంబరు పైకి చూసే బాణం గుర్తుతో మొదలై, ఆ తర్వాత సేకరించిన సంవత్సరపు చివరి రెండంకెలు వస్తాయి. వేలంలో కొన్నవారికి ఇచ్చే విడుదల పత్రంలో ఆ నంబరు ఉండాలి. 1951 బండి అని చెబుతున్నదానికి 68 అని నంబరు కనిపిస్తే ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

## నంబర్లు, ప్లేట్లు, కాగితాలు

చాసిస్ నంబరు బండికి పుట్టుమచ్చ లాంటిది. అయితే అది ఎక్కడ ఉందన్నది ముఖ్యం. చాసిస్ ఇనుము మీద నేరుగా గుద్దిన నంబరుకు ఉన్న బరువు, రివెట్లతో బిగించిన అల్యూమినియం ప్లేటుకు లేదు. ప్రసిద్ధ పాత మోడళ్లకు కొత్త ప్లేట్లు అచ్చు పోసి అమ్మేవారు ఉన్నారు. యుద్ధకాలపు జీపులకైతే ఫిలిప్పీన్స్‌లో పూర్తి రేకు బాడీలే కొత్తగా తయారవుతున్నాయి. ప్లేటు పాతదిగా ఉండి రివెట్లు కొత్తగా మెరుస్తుంటే, లేదా ప్లేటు చుట్టూ ఉన్న రంగు దాని అంచుల కిందికి వెళ్లి ఉంటే, అది తర్వాత ఎక్కించినదే.

పదిహేడు అక్షరాల గుర్తింపు సంఖ్య అమెరికాలో 1981 మోడళ్ల నుంచి తప్పనిసరి అయింది. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. 1950ల బండి అని చెబుతున్నదానిపై పదిహేడు అక్షరాల నంబరు ఉంటే ఇంకేమీ చూడనక్కర్లేదు. ఆ నంబరు ‘ఎంఏ1’తో మొదలైతే అది మహీంద్రా చాసిస్, ‘ఎంఏటీ’ అయితే టాటాది.

రిజిస్ట్రేషన్ పుస్తకంలోని తయారీ సంవత్సరాన్ని చాలామంది తిరుగులేని సాక్ష్యంగా భావిస్తారు. అది అంత గట్టిది కాదు. సైన్యం నుంచో ప్రభుత్వ సంస్థ నుంచో వేలంలో వచ్చిన బండిని పౌర బండిగా నమోదు చేసేటప్పుడు, తయారీ సంవత్సరం తెలియక అందుబాటులో ఉన్న ఏదో ఒక సంవత్సరం రాసే వీలుంది. ‘ఏపీ 31’ నంబరు విశాఖది, కొత్త మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చాక పుట్టిన వరుసలోది. పాత బండికి ఆ నంబరు ఉండటం తప్పేమీ కాదు. అది 1989కి ముందు ఎక్కడ, ఏ నంబరుతో తిరిగిందన్నది మాత్రం చెప్పగలగాలి. 1953 అక్టోబరుకు ముందు విశాఖ మద్రాసు రాష్ట్రంలో భాగం కాబట్టి, అంతకుముందే ఇక్కడ నమోదైందన్న బండికి మద్రాసు నంబరు ఉండి తీరాలి.

ఇక హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖను ఎంత అతలాకుతలం చేసిందో తెలిసినవారెవరూ ‘కాగితాలు తడిసి పోయాయి’ అన్న మాటను తేలిగ్గా కొట్టేయరు. ఎన్నో ఇళ్లలో నిజంగానే పోయాయి. కానీ యజమాని దగ్గర ఉన్నది ఒక ప్రతి మాత్రమే. ఆ నంబరు రవాణా శాఖ రిజిస్టరులో ఉంటుంది, ఫారం 26తో డూప్లికేటు తీసుకోవచ్చు. సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి కాబట్టి, తుపాను తర్వాత కనీసం రెండుసార్లు ఆ అవసరం వచ్చి ఉండాలి. ఇన్నేళ్లలో డూప్లికేటుకు దరఖాస్తు అయినా చేయకపోతే దానికి కారణం అడగడంలో అమర్యాద లేదు.

## ఉప్పుగాలి చెప్పే సాక్ష్యం

విశాఖ గాలిలో ఉప్పు ఉంటుంది, తేమ ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ ఇనుము మీద తుప్పు పొరను నిలకడగా ఉండనివ్వదు, అది పొరలు పొరలుగా రాలి లోపలి ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. డెబ్బై ఏళ్లు ఈ తీరంలోనే ఉన్నదని చెప్పే పికప్‌కు తలుపుల అడుగు అంచులు, తొట్టి మూలలు, క్యాబిన్ కింది పట్టీలు చెక్కు చెదరకుండా ఉంటే రెండే అవకాశాలు: ఆ రేకులు మార్చి ఉండాలి, లేదా బండి ఇక్కడ ఉండి ఉండకూడదు. రేకు మార్చడం నేరం కాదు, బండి బతకడానికి అది అవసరం కూడా. ‘పూర్తిగా ఒరిజినల్’, ‘ఎప్పుడూ విశాఖలోనే’ అన్న రెండు మాటలూ ఒకే బండికి కలిసి చెల్లడం మాత్రం కష్టం.

చిన్న అయస్కాంతం జేబులో ఉంటే పుట్టీ ఎక్కడ మందంగా పూశారో తెలిసిపోతుంది.

## చట్టం దగ్గర ఏమవుతుంది

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగని బండ్లకే ఈ హోదా. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, పునర్నమోదుకు రూ.5,000 రుసుము. పదేళ్లు చెల్లుతుంది. కొత్తగా ఇచ్చే నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనం పోయించుకోవడానికి తప్ప రోజువారీ ప్రయాణానికి దాన్ని వాడకూడదు.

ఇక్కడ నమూనా ప్రకటనలోని మాటలకు నేరుగా పరీక్ష ఎదురవుతుంది. యాభై ఏళ్లను మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్కిస్తారు. జబల్‌పూర్‌లో 1965లో తయారై, 1990లో వేలంలో అమ్ముడై, అప్పుడే మొదటిసారి పౌర రిజిస్ట్రేషన్ పొందిన ట్రక్కు చేతిలోని పుస్తకం ప్రకారం 2040 దాకా ఆ గడువు దాటదు. పైగా ఈ నిబంధనలు సొంత వాడకపు, వాణిజ్యేతర బండ్లను ఉద్దేశించినవి. సరకు రవాణా బండిగా నమోదైన పికప్ వాటి కిందికి వస్తుందా అన్నది డబ్బు చేతులు మారకముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. ఇంజన్ మార్చినట్టు పుస్తకంలో నమోదు లేకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద అదొక సమస్య. ఇంజన్ మార్చినట్టు నమోదు ఉంటే ‘అసలు రూపం’ అన్నది సమస్య. అమ్మేవారు ఏ మాట చెప్పినా దాని ప్రభావం కొన్నవారి మీద పడేది ఇక్కడే.

## డాడ్జ్ కాదని తేలాక

పరీక్షలన్నీ అయ్యాక నమూనా ప్రకటనలోని బండి జబల్‌పూర్ నిస్సాన్‌గా తేలిందనుకుందాం. అమెరికా సేకర్తల మార్కెట్ ధర పోతుంది. ‘1951’ పోతుంది. ఓడరేవు కథా పోతుంది. మిగిలేది భారత సైన్యం మూడు దశాబ్దాలకు పైగా నమ్ముకున్న ట్రక్కు. దాని విడిభాగాలు తెలిసిన మెకానిక్కులు ఇంకా ఉన్నారు, దాన్ని నడిపిన మాజీ సైనికులు ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇంకా ఉన్నారు. దాన్ని డాడ్జ్‌గా చూపించడానికి గ్రిల్లు కోసి, బ్యాడ్జి అతికించి, ఎర్ర రంగు వేస్తే, దాని అసలు చరిత్రను తిరిగి చదవడానికి వీలు లేకుండా పోతుంది. తప్పుడు పేరు వల్ల కలిగే అతి పెద్ద నష్టం ఇదే. డబ్బు నష్టం ఒకరిది. గీకేసిన నంబరు ఎవరికీ తిరిగి రాదు.

అందుకే బండి ఏదైనా, పెయింటింగ్ షెడ్డుకు పంపే ముందు చేయవలసిన పని కొంత ఉంది. చాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి, రవాణా కార్యాలయంలో చేసినట్టే పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకోవాలి. ఇంజన్ బ్లాకు మీది పోత గుర్తులు, ఇంజన్ నంబరు, యాక్సిల్ మీది ప్లేటు వెలుతురులో ఫొటో తీయాలి. తలుపు లోపలి వైపు ఎవరికీ కనిపించని చోట రూపాయి బిళ్లంత మేర సన్నని గరుకు కాగితంతో రుద్దితే రంగు పొరలు ఒకదాని కింద ఒకటి వలయాలుగా కనిపిస్తాయి. పైన నీలం, దాని కింద పసుపు, దాని కింద సైన్యపు ఆకుపచ్చ, అడుగున ఎర్ర ప్రైమరు. ఆ వలయాన్ని ఫొటో తీసి, వెనక తేదీ వేసి, రిజిస్ట్రేషన్ పుస్తకం నకలుతో ఒకే కవరులో పెట్టాలి. రేపు ఆ బండి కొనేవారు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఆ కవరులో ఉంటుంది.